తుపాకీ కంటే ముందు కాగితం ఇంటికి రావాలి

మా సంతకవిటి మండలంలో మిలటరీ నుంచి పెన్షన్ మీద వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. మా వీధిలోనే నాతో కలిపి నలుగురం. ఇంటికొచ్చిన మూడో నెలకో నాలుగో నెలకో అందరం ఒకే లెక్క వేసుకుంటాం. పిల్లల చదువులకి పెన్షన్ చాలదు, ఏ బ్యాంకులోనో, క్యాష్ వ్యాన్ మీదో గన్‌మేన్‌గా చేరితే ఇల్లు నడుస్తుంది. ఏజెన్సీవాళ్లు అడిగే మొదటి మాట, "సొంత గన్ ఉందా? లైసెన్సు ఉందా?" అని. ఉన్నవాడికి ఒక జీతం, లేనివాడికి ఇంకో జీతం. అందుకే సర్వీసులో ఉండగానే, యూనిట్ ఎక్కడుంటే అక్కడ లైసెన్సు తీసుకుని, ఒక డబుల్ బ్యారెల్ కొనుక్కుని, రిటైరయ్యేటప్పుడు ట్రంకు పెట్టెతో పాటు ఊరికి తెచ్చుకుంటాం.

నేనూ అలాగే తెచ్చుకున్నాను. 2021 ఆగస్టు ఆఖరున హవల్దారుగా దిగిపోయి వచ్చాను. ఆ తరవాత దాదాపు తొమ్మిది నెలలు నా గన్ను పోలీస్ స్టేషన్‌లో ఉంది, నేను ఇంట్లో ఉన్నాను. నేను ఏ తప్పుడు పనీ చేయలేదు. కాగితాలు మాత్రం నాతో పాటు ఇంటికి రాలేదు, అంతే. ఇంకా సర్వీసులో ఉన్న తమ్ముళ్లు, ఈమధ్యే దిగినవాళ్లు నన్ను అడుగుతూనే ఉన్నారు కాబట్టి, గన్ లైసెన్సుని సొంత ఊరికి మార్చుకోవడానికి ఏం చేయాలో, ఏది ముందో, ఏది తరవాతో తెలిసినంతా ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఒక సంగతి బుర్రలో పెట్టుకోండి. లైసెన్సు మీద పేరు మనదే, ఫోటో మనదే. కానీ అది చిరునామాకి కట్టిన కాగితం. 1959 నాటి ఆయుధాల చట్టం దేశమంతటికీ ఒకటే. దాని కింద 2016లో కొత్త నియమాలు వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్నవి అవే. వాటి ప్రకారం మనిషి ఎక్కడ నివాసం ఉంటాడో, లేదా ఎక్కడ పని చేస్తాడో అక్కడి అధికారికే దరఖాస్తు పెట్టాలి. జవానుకి పని చేసే చోటు యూనిట్టే కాబట్టి, సొంత రాష్ట్రం కాకపోయినా అక్కడ లైసెన్సు ఇస్తారు. ఆ పని అయిపోయిన రోజున, అంటే మనం దిగిపోయిన రోజున, కాగితం మీది చిరునామాలో మనం లేము. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఓసారి ఫోన్‌లో ఇదంతా విని అన్నాడు, "అక్కడ ఇంకా గందరగోళం మామయ్యా, తుపాకీ బట్టల కింద పెట్టుకు తిరగడానికి రాష్ట్రం రాష్ట్రానికీ చట్టం వేరు. ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ పక్క రాష్ట్రంలో చెల్లొచ్చు, చెల్లకపోవచ్చు. ఫ్లోరిడా, యూటా లాంటివి బయటి రాష్ట్రంవాళ్లకీ ఇస్తాయి" అని. మన దగ్గర దాచి తిరగడానికి విడిగా పర్మిట్ ఏదీ లేదు. పైగా కప్పి తీసుకెళ్లడమే మన నియమం. పిస్టలైతే హోల్‌స్టర్‌లోనో సంచిలోనో, పొడుగు గన్నైతే దాని కవర్లో, జనం మధ్యకి వెళ్లినప్పుడు పూర్తిగా కప్పి ఉండాలి, మన చేతి పట్టులో ఉండాలి. భుజానికి తగిలించుకుని బస్టాండులో టీ తాగడం మన చట్టానికి ఒప్పదు.

ఇక పని. ఇది రిటైరయ్యాక మొదలుపెట్టేది కాదు. డిశ్చార్జికి కనీసం ఆరు నెలల ముందు, యూనిట్‌లో ఉండగానే మొదలవ్వాలి.

లైసెన్సు పుస్తకం తీయండి. అందులో యూఐఎన్ అనే నంబరు ఉందో లేదో చూడండి. దేశంలోని లైసెన్సులన్నీ ఎన్‌డాల్-ఎలిస్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్లోకి ఎక్కించారు, ఎక్కిన ప్రతి లైసెన్సుకీ ఆ నంబరు వస్తుంది. ఆ నంబరు లేని పాత పుస్తకం ఇప్పుడు చెల్లదు. పుస్తకం మీద నంబరు ఉన్నా సరే, పోర్టల్లో మన పేరు, పుట్టిన తేదీ, ఆయుధం వివరాలు సరిగ్గా పడ్డాయో లేదో లైసెన్సు ఇచ్చిన ఆఫీసులోనే ప్రింటు తీయించి చూసుకోండి. మన ఇంటిపేర్లు ఉత్తరాది క్లర్కుల చేతిలో ఎలా మారిపోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆధార్‌లో ఒకలా, డిశ్చార్జి బుక్కులో ఇంకోలా, లైసెన్సులో మరోలా ఉంటే, ఇక్కడికొచ్చాక ముగ్గురూ ఒకరేనని రుజువు చేసుకోవడం మన పనే.

తరవాత ఏరియా కాలమ్ చూడండి. "భారతదేశమంతటా" అని ఉందా, ఆ రాష్ట్రం వరకేనా? మిలటరీవాళ్లకి దేశమంతటికీ ఇచ్చే వీలుంది, చాలామందికి అలాగే ఇస్తారు. మీది ఒక్క రాష్ట్రానికే ఉంటే, దాన్ని మార్పించకుండా గన్ను రైలెక్కించకండి. ఆ రాష్ట్రం దాటిన క్షణం నుంచి మీ చేతిలో ఉన్నది లైసెన్సు లేని ఆయుధం కింద లెక్కగట్టి కేసు పెట్టే ప్రమాదం ఉంది. 2019లో చట్టం సవరించాక అలాంటి కేసులో శిక్ష రెండేళ్లకు తగ్గదు, ఐదేళ్ల వరకూ పోతుంది. పాతికేళ్లు దేశానికి సేవ చేశామన్నది అక్కడ లెక్కలోకి రాదు.

మూడోది గన్ను నంబరు. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నన్ను నెలల తరబడి కూర్చోబెట్టింది ఇదే.

నాది పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. కొన్న రోజున దుకాణంవాడు బిల్లు రాశాడు, దాన్ని చూసి అక్కడి ఆఫీసులో క్లర్కు లైసెన్సులో నంబరు ఎక్కించాడు. సంతకాలు, ముద్ర పడ్డాయి. మూడేళ్లు గన్ను యూనిట్ కోత్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో ఉంది, సెలవుకొచ్చినప్పుడు తేలేదు. ఒక్కసారి కూడా నేను ఆ రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఊరికొచ్చాక విచారణలో భాగంగా స్టేషన్‌కి తెమ్మన్నారు. ఎస్సైగారు కుర్రాడు, ఓపిక ఉన్న మనిషి. గన్ను విప్పమన్నారు. గొట్టాలు తీసి బల్ల మీద పరిచాను. కింది వైపు నూనె జిడ్డు నల్లగా పేరుకుని ఉంది. ఆయన జేబురుమాలుతో తుడిచి, ఫోన్ టార్చి పక్క నుంచి వేశారు. ఎదురుగా వేస్తే మెరుపుకి అంకె కనబడదు, వాలుగా వేస్తేనే గుంట నీడ పడుతుంది. ఒక్కో అంకే పైకి చదువుతుంటే, కానిస్టేబులు లైసెన్సులో వేలు పెట్టి చూస్తున్నాడు. నాలుగో అంకె దగ్గర ఇద్దరూ ఆగారు. గన్ను మీద ఎనిమిది. పుస్తకంలో మూడు.

"ఏటి బావూ, ఇది నీ గన్నేనా?" అన్నాడు కానిస్టేబులు. తప్పుగా అనలేదు, అడగాల్సిన మాటే అడిగాడు. కానీ ఆ మాట వినగానే నా చేతులు చల్లబడిపోయాయి.

బిల్లు ఉంది కాబట్టి బతికాను. అందులో ఎనిమిదే ఉంది. ఎస్సైగారు బిల్లు చూసి, గన్ను స్టేషన్‌లో జమ చేయించుకుని రసీదు ఇచ్చి, "ఇచ్చిన ఆఫీసు నుంచి సరిచేసిన కాగితం తెచ్చుకోండి. నేను రాయాల్సింది రాస్తాను" అన్నారు. లైసెన్సు ఇచ్చిన ఆ జిల్లా ఆఫీసుకి నేను రాసిన ఉత్తరాలు మూడు. జవాబు రాలేదు. నాలుగోసారి నేనే రైలెక్కి వెళ్లాను. అక్కడ ముగ్గురి బల్లల మధ్య రెండు రోజులు తిరిగాక, పాత రిజిస్టరు తీసి చూస్తే అందులోనూ ఎనిమిదే ఉంది. రిజిస్టరు నుంచి నా పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు తప్పు పడింది. దిద్దడానికి ఐదు నిమిషాలు పట్టింది.

కాబట్టి తమ్ముడూ, కోత్‌లో గన్ను ఉండగానే, గొట్టాలు విప్పి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, టార్చి వాలుగా వేసి, నంబరు ఫోటో తీసుకో. బిల్లులో నంబరు, పుస్తకంలో నంబరు, పోర్టల్ ప్రింటులో నంబరు, గన్ను మీద నంబరు, నాలుగూ ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి చూడు. ఒక్క అంకె తేడా ఉన్నా, ఆ ఊళ్లో ఉండగానే దిద్దించుకో.

అలాగే దిగిపోయే ముందే లైసెన్సు ఇచ్చిన అధికారికి ఒక ఉత్తరం ఇచ్చి, ఫలానా తేదీన రిటైరవుతున్నాను, ఫలానా జిల్లా ఫలానా ఊరికి శాశ్వతంగా వెళ్తున్నాను అని తెలపండి. రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. అడిగితే కొన్ని ఆఫీసులు ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం చేతికే ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇవ్వకపోయినా ముద్ర పడిన ఆ కాపీ ఇక్కడ చాలా పనికొస్తుంది.

జమ్మూ కాశ్మీర్‌లో తీసుకున్నవాళ్లకి ఒక మాట విడిగా చెప్పాలి. 2012 నుంచి 2016 దాకా అక్కడ 2.78 లక్షలకు పైగా లైసెన్సులు, అందులో చాలావరకు బయటి రాష్ట్రాలవాళ్లకి, నిబంధనలు పక్కనపెట్టి ఇచ్చారన్న ఆరోపణ మీద 2018లో సీబీఐ కేసు పెట్టింది. దాని తరవాత అక్కడి పుస్తకం చూపిస్తే ఏ జిల్లా ఆఫీసైనా రెండుసార్లు చూస్తుంది. నిజంగా యూనిట్ ద్వారా, సీవో (కమాండింగ్ ఆఫీసరు) సంతకంతో తీసుకున్నవాళ్లు భయపడక్కర్లేదు. కానీ అప్పట్లో పెట్టిన దరఖాస్తు కాపీ, యూనిట్ ఇచ్చిన సర్టిఫికెట్, ఆ తేదీల్లో అక్కడే పోస్టింగ్‌లో ఉన్నట్టు రుజువు, ఇవన్నీ దగ్గర పెట్టుకోండి. డబ్బు తీసుకుని ఎవడో ఏజెంటు తెచ్చిచ్చిన పుస్తకమైతే మాత్రం దాన్ని ఇక్కడికి మార్పించడానికి పరుగెత్తకండి. ముందు వకీలుని కలవండి.

ఊరికి తెచ్చేటప్పుడు గొట్టాలు, బట్టు (వెనక చెక్క భాగం) విడదీసి పెట్టెలో, తూటాలు వేరే డబ్బాలో తాళం వేసి తెచ్చుకోండి. లైసెన్సు, బిల్లు, డిశ్చార్జి కాగితం పెట్టెలో కాదు, చొక్కా జేబులో ఉండాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగేసరికి రైల్వే పోలీసు ఒకాయన నా పెట్టె ఆకారం చూసి ఆపాడు. కాగితాలు తీసి చేతిలో పెట్టాను. చదివి సెల్యూట్ కొట్టి పంపించాడు. అదే పెట్టె అడుగున ఉంటే, ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ గన్ను బయటికి తీయాల్సొచ్చేది.

ఇంటికొచ్చిన రోజు నుంచి ముప్పై రోజులు లెక్కపెట్టుకోండి. నివాసం మారినవాడు ఆ ముప్పై రోజుల్లోపు కొత్త చోటి అధికారికి తెలియజేయాలి. మన జిల్లాల్లో ఆ అధికారి జిల్లా మెజిస్ట్రేటు, అంటే కలెక్టరుగారు. విశాఖ నగరంలో ఉండేవాళ్లకైతే పోలీస్ కమిషనరు. దరఖాస్తు కలెక్టరేటులో మెజిస్టీరియల్ సెక్షన్‌కి వెళ్తుంది. సోమవారం మాత్రం వెళ్లకండి. ఆ రోజు అర్జీల జనంతో కలెక్టరేటంతా నిండిపోయి ఉంటుంది, సెక్షన్‌లో మనతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్లండి.

అర్జీ సాదాగా రాయండి. ఎవరు, ఏ నంబరు లైసెన్సు, ఎవరిచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఏ ఆయుధం, ఎప్పుడు రిటైరయ్యారు, ఇప్పుడు ఎక్కడుంటున్నారు, ఏం కావాలి. కావాల్సినవి రెండు: కొత్త చిరునామా ఎక్కించడం, ఇక మీదట రెన్యువల్ ఇక్కడే జరిగేలా రికార్డు మార్చడం. దానికి జతగా ఆధార్, డిశ్చార్జి బుక్కు, పీపీవో (పెన్షన్ ఆర్డరు), మాజీ సైనికుల గుర్తింపు కార్డు, లైసెన్సులో ప్రతి పేజీ జిరాక్సు, గన్ను బిల్లు, ఫోటోలు పెట్టండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మీ పేరు నమోదై ఉంటే ఆ కాగితం కూడా. అదే అర్జీ కాపీ ఒకటి పాత జిల్లాకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

లైసెన్సు గడువు దగ్గరపడితే రెన్యువల్ దరఖాస్తు కూడా అప్పుడే పెట్టేయండి. గడువుకి అరవై రోజుల ముందే పెట్టాలన్నది నియమం. నాది 2018 నవంబరులో తీసుకున్నది, అప్పట్లో మూడేళ్లే ఇచ్చేవారు, 2019 సవరణ తరవాత ఐదేళ్లయ్యింది. నేను ఆగస్టు ఆఖరున దిగాను, నవంబరులో గడువు. అంటే ఇంటికొచ్చి ఊపిరి పీల్చుకునేలోపే అరవై రోజుల గీత దాటుతోంది. రిటైర్మెంటు తేదీ మనకి ఏళ్ల ముందే తెలుసు. గడువు దానికి దగ్గరగా ఉంటే, యూనిట్‌లో ఉండగానే అక్కడే రెన్యువల్ చేయించుకుని రావడం అన్నిటికన్నా తేలిక. ఎవరూ నాకు ఈ మాట చెప్పలేదు.

గడువు దాటిపోయి రెన్యువల్ చేతికి రాకపోతే గన్ను ఇంట్లో ఉంచుకోకూడదు. చట్టమే చెబుతుంది, పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయమని. ఇంకా సర్వీసులోనే ఉంటే యూనిట్ కోత్‌లో పెట్టొచ్చు. స్టేషన్‌లో పెడితే రసీదు మీద గన్ను నంబరు, తూటాల లెక్క రాయించుకోండి. పెట్టే ముందు గొట్టాల లోపల నూనె పట్టించి, గుడ్డలో చుట్టి ఇవ్వండి. మన తీరప్రాంతపు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. తొమ్మిది నెలలకి నాది బయటికొచ్చినప్పుడు ఒక గొట్టంలో చివర చిన్న మచ్చ తప్ప ఏమీ లేదు.

అర్జీ ఇచ్చాక ఫైలు రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి పోలీసు దారి: ఎస్పీ ఆఫీసు నుంచి డీఎస్పీకి, సీఐకి, చివరికి మన స్టేషన్ ఎస్సైకి. రెండోది పాత జిల్లాకి, ఈ లైసెన్సు మీరిచ్చిందేనా, మీకేమైనా అభ్యంతరమా అని. నా విషయంలో తహసీల్దారు రిపోర్టు కూడా అడిగారు. పోలీసు దారిలో మనకి ఎదురయ్యేది స్టేషన్ ఒక్కటే. పాత జిల్లా దారే కష్టం. ఇక్కడ రాసిన ఉత్తరం మన చేతికివ్వరు, ఇవ్వమని అడగకండి. కానీ ఆ ఉత్తరం నంబరు, తేదీ మాత్రం రాసుకోండి. అవి చేతిలో ఉంటే, అక్కడి ఆఫీసుకి ఫోన్ చేసినా, వెళ్లినా, "ఫలానా నంబరు ఉత్తరానికి జవాబు" అని అడగగలరు. అది లేకుండా వెళితే ఎవరూ వెతకరు.

స్టేషన్ నుంచి విచారణకి ఇంటికొస్తారు. మా ఇంటికి కానిస్టేబులు వచ్చినప్పుడు నేను పొలంలో ఉన్నాను, మడ్డువలస ప్రాజెక్టు నీళ్లు వదిలారని వెళ్లాను. మా ఆవిడతో మాట్లాడాడు. "అమ్మా, గన్ను ఎక్కడెడతారు? తాళం ఎవరికాడుంటది? పిల్లలు ఎంతమంది? బావు మందు తాగుతాడా?" అన్నీ అడిగాడట. ఆవిడ ఇనప బీరువా తెరిచి చూపించింది. గోడకి బోల్టులు వేసి బిగించాను దాన్ని, తాళం నా మొలతాడుకే ఉంటుంది. ఆయుధం భద్రంగా దాచుకుంటానని మనం రాసిచ్చే హామీ ఒకటుంది కదా, అది రాయడం కాదు, చూపించగలగాలి. తాగుడు గురించి అడగడం కూడా ఊరికే కాదు. మత్తుకి అలవాటు పడలేదని, మతి స్థిమితంగా ఉందని డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు.

మన పల్లెల్లో చాలామందిని ముంచేది బైండోవర్. గట్టు దగ్గర తగాదా పడతాం, ఎదుటివాడు స్టేషన్‌కి వెళ్తాడు, ఎస్సై ఇద్దరినీ తహసీల్దారు ముందు కూర్చోబెట్టి శాంతిగా ఉంటామని బాండు రాయిస్తాడు. అందరూ దాన్ని చిన్న విషయంగా తీసుకుంటారు. కానీ ఆయుధాల చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం ఆ బాండు గడువు తీరేదాకా మనిషి దగ్గర ఆయుధమే ఉండకూడదు. మా పక్క ఊరి సుబేదారుగారికి అలాగే అయ్యింది. అన్నదమ్ముల మధ్య రెండు సెంట్ల స్థలం గొడవ. గన్ను జమ చేయించారు, ఉద్యోగం పోయింది. లైసెన్సున్నవాడు గట్టు తగాదాకి వెళ్లకూడదు. పెద్దమనుషుల్లో పెట్టుకోవాలి, లేదంటే సివిల్ కోర్టుకి వెళ్లాలి, మాట తూలకూడదు.

నా ఫైలు నడుస్తుండగా ఇంకోటి జరిగింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస, వంగర మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యంలో కలిశాయి. నా ఫైలు శ్రీకాకుళంలో ఉంది, నేను విజయనగరం మనిషినైపోయాను. ఫైలు అటు వెళ్లిందా, ఇటే ఉందా అని రెండు ఊళ్లూ తిరిగాను. పాత శ్రీకాకుళం పుస్తకాలున్న రాజాం వైపువాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి: మీరు ఇల్లు మారకపోయినా మీ అధికారి మారాడు. రెన్యువల్ ముందు రోజున కాదు, ఇప్పుడే విజయనగరం కలెక్టరేటులో మీ రికార్డు వచ్చిందో లేదో కనుక్కోండి. ఆ ఆగస్టులో నా పుస్తకం విజయనగరం ముద్రతో, ఐదేళ్ల గడువుతో చేతికొచ్చింది.

ఒకవేళ కాదన్నారనుకోండి. నోటిమాటతో ఊరుకోకండి. కారణం రాతలో ఇవ్వమని అడిగే హక్కు మీకుంది. ముప్పై రోజుల్లోపు అప్పీలుకి వెళ్లే హక్కూ ఉంది.

లైసెన్సు వచ్చాక ఉద్యోగంలో జరిగే తప్పులు చాలావరకు తెలియక చేసేవే. ఏజెన్సీ సూపర్‌వైజరు అంటాడు, "నువ్వు డ్యూటీ దిగాక గన్ను బ్రాంచిలో వదిలెయ్యి, రాత్రి డ్యూటీవాడు పట్టుకుంటాడు" అని. ఒప్పుకోకండి. నా పేరున ఉన్న గన్ను పట్టుకునే హక్కు నాకే ఉంది. ఇంకొకరు పట్టుకోవాలంటే లైసెన్సులో ఆ మనిషి పేరు రిటైనరుగా ఎక్కి ఉండాలి. లేకపోతే ఆ రాత్రి ఏదైనా జరిగితే ఇద్దరం జైల్లో ఉంటాం, సూపర్‌వైజరు ఇంట్లో ఉంటాడు.

రెండోది ఒడిశా సరిహద్దు. మనకది గీతలా కనబడదు. పాతపట్నం నుంచి పర్లాకిమిడి కూరగాయలకి వెళ్లొచ్చేంత దూరం. ఇచ్ఛాపురం దాటితే బరంపురం, పార్వతీపురం దాటితే రాయగడ. క్యాష్ వ్యాన్ డ్రైవరు రూటు మారిందని నేరుగా దాటించేస్తాడు. కొత్త పుస్తకంలో ఏరియా ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే, మీరు మహేంద్రతనయ నది వంతెన మీదే దిగిపోవాలి. మొహమాటపడకండి. చిరునామా మార్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు పాత ఏరియా అలాగే ఉంచారా, తగ్గించారా అని కౌంటరు దగ్గరే చదువుకోండి. అటు డ్యూటీ ఉంటుందని ఏజెన్సీ చెబితే, వాళ్ల లెటరు జత చేసి ఏరియా పెంచమని అర్జీ పెట్టాకే చేరండి.

జాతరలకీ, ఊరేగింపులకీ, సభలకీ, స్కూళ్లకీ, కాలేజీలకీ గన్నుతో వెళ్లకూడదని లైసెన్సు షరతుల్లోనే ఉంటుంది. డ్యూటీ అయ్యాక అటునుంచి అటే సిరిమాను జాతర చూసి వస్తానంటే కుదరదు, ముందు ఇంటికెళ్లి బీరువాలో పెట్టి రావాలి. ఇక పెళ్లిళ్లలో, కొత్త సంవత్సరం రాత్రుల్లో గాల్లోకి కాల్చడం 2019 నుంచి విడిగా నేరం. రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. చుట్టాల కుర్రాళ్లు "మామా, ఒక్కటి" అంటారు. పైకెళ్లిన తూటా ఎవరి పెంకుటింటి మీదో దిగుతుంది. ఆ పిల్లల ముందు గన్ను తీయనే తీయకండి.

ఎన్నికలు ప్రకటించగానే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది, గన్ను జమ చేయమని. 2024లో మార్చి 16న షెడ్యూలు వచ్చింది. మా స్టేషన్ నుంచి వారంలోపే పిలిచారు. బ్యాంకు డ్యూటీలో ఉన్నవాళ్లకి మినహాయింపు దొరుకుతుంది, కానీ దానంతటది రాదు. బ్యాంకు నుంచి డ్యూటీ లెటరు తీసుకుని స్టేషన్‌లోనూ, ఎస్పీ ఆఫీసులోనూ ముందుగా ఇవ్వాలి, జిల్లా కమిటీ చూసి నిర్ణయిస్తుంది. నేను లెటరు ఆలస్యంగా ఇచ్చాను, ఓట్ల లెక్కింపు అయ్యేదాకా గన్ను అక్కడే ఉంది.

ఆఖరుది, మనలో ఎవరూ నోటితో అనని సంగతి. లైసెన్సున్న మనిషి పోతే, ఆ రోజు నుంచి ఆ గన్ను ఇంట్లో ఉండకూడనిది అవుతుంది. భార్యకో, కొడుక్కో దాని మీద హక్కు ఉండొచ్చు, అమ్ముకోవచ్చు, లైసెన్సు వస్తే ఉంచుకోవచ్చు. కానీ ముందు స్టేషన్‌లోనో డీలరు దగ్గరో జమ చేయాలి. మా రెజిమెంటు స్నేహితుడొకడు కరోనాలో పోతే, ఏడాది తరవాత వాళ్ల ఆవిడ మంచం కింద గన్ను ఉందని నాకు ఫోన్ చేసింది. ఆమెకి తెలీదు. చెప్పాల్సినవాడు చెప్పలేదు. నేనే కూడా వెళ్లి, ఆమె చేత అర్జీ రాయించి, డెత్ సర్టిఫికెట్ పెట్టి జమ చేయించి రసీదు ఇప్పించాను.

ఆ రోజు ఇంటికొచ్చి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. గన్ను నంబరు, లైసెన్సు నంబరు, గడువు తేదీ, స్టేషన్ ఫోను, నాకేమైనా అయితే మొదట ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో, రసీదు తీసుకోకుండా రావద్దని. బీరువా తలుపుకి లోపల వైపు అంటించాను. మా ఆవిడ చదివి ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక వచ్చి, రెండో తాళం ఎక్కడుందో అది కూడా రాయమంది. రాశాను.